ఎమ్మాయు విందు: సీసపు తెలుపు బయటపెట్టిన వయసు

పొలోనియం-210: గ్రాముకు నిమిషానికి 8.5 విఘటనాలు. రేడియం-226: గ్రాముకు నిమిషానికి 0.8 విఘటనాలు.

రోటర్‌డామ్‌లోని బోయ్‌మన్స్ మ్యూజియంలో ఉన్న ‘ఎమ్మాయులో విందు’ చిత్రపు తెల్లరంగులో అమెరికా రసాయన శాస్త్రవేత్త బెర్నార్డ్ కైష్ 1960ల చివర కొలిచి ప్రకటించిన అంకెలివి. విఘటనం అంటే ఒక పరమాణువు కణాన్ని విడిచి ఇంకో మూలకంగా మారడం. చిత్రం నిజంగా 17వ శతాబ్దంలో డచ్ చిత్రకారుడు యొహానెస్ వెర్మీర్ వేసిందే అయితే ఈ రెండు అంకెలూ ఇంచుమించు సమానంగా ఉండాలి. పది రెట్లకు పైగా తేడా ఉంది. పాత చిత్రాల వయసు తేల్చే పనిలోకి వచ్చేవాళ్ళు మొట్టమొదట చేత్తో లెక్కకట్టి చూడవలసిన కేసు ఇదే. అందులో వాడిన పద్ధతి గొప్పతనం ఒక కారణమైతే, ఆ పద్ధతి ఏం చెప్పగలదో, ఏం చెప్పలేదో కూడా ఇక్కడే స్పష్టంగా కనబడడం ఇంకో కారణం.

చిత్రం, వివాదం

పునరుత్థానం తర్వాత క్రీస్తు ఎమ్మాయు గ్రామంలో ఇద్దరు శిష్యులతో కలిసి భోజనానికి కూర్చుని రొట్టె విరిచే ఘట్టం ఇది. 1937లో ఈ చిత్రం బయటపడినప్పుడు, డచ్ చిత్రకళలో అందరూ పెద్దగా మన్నించే అబ్రహాం బ్రెడియస్ ఇది వెర్మీర్‌దేనని, అందులోనూ ఆయన అత్యుత్తమ రచనల్లో ఒకటని రాశారు. 5 లక్షల గిల్డర్లకు పైగా పోసి దాన్ని రోటర్‌డామ్ మ్యూజియం కోసం కొన్నారు.

1945 మే నెలలో హాన్ వాన్ మీగెరెన్ అనే డచ్ చిత్రకారుణ్ణి పోలీసులు పట్టుకున్నారు. వెర్మీర్ చిత్రాన్ని నాజీ నాయకుడు గోరింగ్‌కు చేర్చి దేశసంపదను శత్రువుకు అమ్మాడన్నది ఆరోపణ. అది వెర్మీర్‌ది కాదు, నేనే వేశాను, ఎమ్మాయు విందు కూడా నాదే అన్నాడతను. నమ్మకపోతే చూడండని పోలీసుల కాపలాలో ఇంకొక ‘వెర్మీర్’ వేసి చూపించాడు. 1947 నవంబర్‌లో కోర్టు ఏడాది జైలు వేసింది, డిసెంబర్‌లో అతను చనిపోయాడు.

ఒప్పుకోలుతో కేసు మూతపడాలి కదా! పడలేదు. మిగతావి అతను వేసి ఉండవచ్చు గానీ ఎమ్మాయు విందు మాత్రం అసలైన వెర్మీరేనని బెల్జియానికి చెందిన జాన్ డెకోయెన్ వంటివాళ్ళు గట్టిగా వాదించారు. వాదనలో పస లేకపోలేదు. పేరు కోసం ఇంకొకరి గొప్ప పనిని తనదని చెప్పుకునే మనిషి ఉండవచ్చు. కాబట్టి ఒప్పుకోలు సాక్ష్యమే తప్ప కొలత కాదు. పాల్ కోరెమన్స్ నాయకత్వంలోని నిపుణుల సంఘం 1940లలోనే రసాయన పరీక్షలు చేసి నకిలీ అని తేల్చినా అనుమానం 20 ఏళ్ళు బతికే ఉంది. దాన్ని చంపింది సీసం.

ఏ పదార్థం పుట్టినరోజు దానిదే

ప్రయోగశాలలో వయసు కట్టేది చిత్రానికి కాదు, చిత్రంలోని ఒక్కొక్క పదార్థానికి. అవిసె నారకు దాని మొక్క కోసిన ఏడాది, నూనెకు గింజ పండిన ఏడాది, సీసానికి ఖనిజం కరిగించిన ఏడాది. వీటిలో ఏదీ కుంచె కాన్వాసును తాకిన రోజు కాదు. చిత్రం వేసిన రోజు వీటన్నిటికంటే తర్వాతిదై ఉండాలి, అంతే. అందుకే అన్నిటికంటే కొత్త పదార్థం ఏదో దాన్ని పట్టుకోవాలి. నకిలీగాడు ఎక్కడ పాత సరుకు దొరక్క కొత్త సరుకు వాడక తప్పలేదో, పరీక్షకుడి కన్ను అక్కడ పడాలి.

వాన్ మీగెరెన్ ఈ సంగతి బాగా ఎరిగినవాడు. 17వ శతాబ్దపు అసలైన చిత్రాలు కొని, పైరంగు గీకేసి, పాత కాన్వాసునీ పాత అడుగుపూతనీ ఉంచుకున్నాడు. కాబట్టి కాన్వాసు పరీక్షిస్తే ‘పాతదే’ అని వస్తుంది. అది అబద్ధం కూడా కాదు. రంగులు పాత పద్ధతిలో నూరుకున్నాడు. కొత్త తైలవర్ణం ఆల్కహాల్ అద్దిన దూదికి మెత్తబడి అంటుకుంటుంది, పూర్తిగా గట్టిపడడానికి దశాబ్దాలు పడుతుంది. ఆ రోజుల్లో ప్రామాణికంగా వాడే ఈ పరీక్షను దాటడానికి అతను రంగులో ఫినాల్-ఫార్మాల్డిహైడ్ రెసిన్, అంటే బేకలైట్ తయారుచేసే పదార్థం, లైలాక్ పూల నూనెతో కలిపి వాడాడు. తర్వాత చిత్రాన్ని ఓవెన్‌లో 100 నుంచి 120 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాల్చాడు. రంగు రాయిలా బిగిసింది. కాన్వాసును గొట్టం మీద చుట్టి నెర్రెలు తెప్పించాడు. నెర్రెల్లోకి నల్లసిరా పోసి పాత మురికిలా కనిపించేలా చేశాడు.

కోరెమన్స్ సంఘం పట్టుకున్నది ఈ రెసిన్‌నీ, నెర్రెల్లోని సిరానీ. సూక్ష్మదర్శినిలో చూస్తే తేడా తెలుస్తుంది. శతాబ్దాల మురికి నెర్రెలో ముక్కముక్కలుగా, ఒక్కోచోట ఒక్కో రంగులో, వార్నిష్ పొరతో కలిసి ఉంటుంది. సిరా అలా కాదు, ఒకే నలుపుగా నెర్రె పొడవునా పారి అంచుల కిందకి ఇంకిపోయి ఉంటుంది. ఇదే చేతి నుంచి వచ్చి గోరింగ్‌కు చేరిన చిత్రంలో కోబాల్ట్ బ్లూ కూడా దొరికింది. 19వ శతాబ్దం మొదట్లో పుట్టిన ఆ రంగు వెర్మీర్ కుంచె మీద ఉండే అవకాశమే లేదు. ఎమ్మాయు విందులో మాత్రం కాలానికి పొసగని రంగు అంత తేలిగ్గా చిక్కలేదు. చివరికి మిగిలింది అతను కొత్తది కొనక తప్పని సరుకు ఒక్కటే: సీసపు తెలుపు, అంటే సీసంతో తయారయ్యే తెల్లరంగు.

సీసం గడియారం

సీసపు ఖనిజంలో కొద్దిగా యురేనియం ఉంటుంది. యురేనియం మెల్లగా విఘటనం చెందుతూ ఒకదాని తర్వాత ఒకటిగా మూలకాల గొలుసును పుట్టిస్తుంది. ఆ గొలుసులో మనకు కావలసినవి మూడు. రేడియం-226 అర్ధాయువు, అంటే ఉన్నదాంట్లో సగం విఘటనం చెందడానికి పట్టే కాలం, 1,600 ఏళ్ళు. దాని నుంచి రాడాన్ వగైరాల మీదుగా సీసం-210 పుడుతుంది, దాని అర్ధాయువు 22 ఏళ్ళు. సీసం-210 నుంచి పొలోనియం-210, అర్ధాయువు 138 రోజులు. చివరికి మామూలు, స్థిరమైన సీసం-206.

ఊరి చెరువును తలుచుకుంటే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. పైనుంచి కాలువ నీళ్ళు వస్తుంటాయి, కింద తూము గుండా అంతే నీళ్ళు పోతుంటాయి, మట్టం కదలదు. గనిలోని ఖనిజం స్థితి అదే. రేడియం కాలువ, సీసం-210 చెరువు. లక్షల ఏళ్ళుగా రెండింటి విఘటన వేగం సమానం. ఇప్పుడు ఖనిజాన్ని కొలిమిలో కరిగిస్తారు. రేడియంలో 90 నుంచి 95 శాతం చిట్టెంతో పాటు పోతుంది. సీసం-210 రసాయనికంగా సీసమే కాబట్టి లోహంలోనే ఉండిపోతుంది. అంటే కాలువ కట్టేశారు, చెరువు మాత్రం నిండుగా ఉంది. ఇక ప్రతి 22 ఏళ్ళకూ అదనపు నీటిలో సగం తూము గుండా పోతుంది. మిగిలిన కొద్దిపాటి రేడియం సన్నని ఊటలా నీళ్ళిస్తూ ఉంటుంది. చెరువు మట్టం ఆ ఊటకు సరిపోయేదాకా దిగి అక్కడ నిలుస్తుంది.

300 ఏళ్ళంటే 13 అర్ధాయువులు దాటిపోయినట్టు. మొదటి అదనం 12,700వ వంతుకు పడిపోతుంది. అందుకే వెర్మీర్ కాలపు సీసంలో చెరువూ ఊటా సమానంగా కొలతకు రావాలి.

సీసం-210ను నేరుగా కొలవడం కష్టం, అది వెలువరించే కిరణాల శక్తి చాలా తక్కువ. దాని మనవడు పొలోనియం-210 మాత్రం చక్కని ఆల్ఫా కణం విడుస్తుంది. కరిగించేటప్పుడు పొలోనియం పోయినా రెండు మూడేళ్ళలో మళ్ళీ పెరిగి సీసం-210తో సమానమవుతుంది. కాబట్టి పొలోనియం లెక్కే సీసం-210 లెక్క.

చేత్తో లెక్క

కరిగించినప్పుడు సీసం-210 ఎంత ఉండేదో వెనక్కి లెక్కకట్టడానికి సూత్రం ఇది: పొలోనియం విలువ నుంచి రేడియం విలువ తీసేయాలి. వచ్చిన దాన్ని, గడిచిన కాలంలో ఎన్ని అర్ధాయువులుంటే అన్నిసార్లు రెట్టింపు చేయాలి. చివర రేడియం విలువ కలపాలి.

మొదట చిత్రం 300 ఏళ్ళ నాటిదే అనుకుందాం. 8.5 నుంచి 0.8 తీస్తే 7.7. 300ను 22తో భాగిస్తే 13.64. రెండును 13.64 ఘాతానికి హెచ్చిస్తే సుమారు 12,730. 7.7ను దానితో గుణిస్తే గ్రాముకు నిమిషానికి సుమారు 98,000 విఘటనాలు. గ్రాముకు నిమిషానికి 100 విఘటనాలుండాలంటే ఖనిజంలో యురేనియం దాదాపు 0.014 శాతం ఉండాలి. ఆ లెక్కన 98,000 రావాలంటే దాదాపు 14 శాతం యురేనియం! 2, 3 శాతం ఉన్న ఖనిజమే అత్యంత అరుదు. 14 శాతం ఉన్నది సీసపు గని కాదు, యురేనియం గని.

ఇప్పుడు అదే అంకెలకు వాన్ మీగెరెన్ కథ వేసి చూద్దాం. చిత్రం 1936 ప్రాంతంలో, కొలత 1967 ప్రాంతంలో అనుకుంటే మధ్యలో 31 ఏళ్ళు, 1.41 అర్ధాయువులు. 7.7ను 2.66తో గుణిస్తే 20.5, దానికి 0.8 కలిపితే సుమారు 21. యురేనియం 0.003 శాతం. ఇది మామూలు సీసం. ఒక ఊహకు 98,000, ఇంకో ఊహకు 21. కొలతలో 20 శాతం తప్పు వచ్చినా, అర్ధాయువు విలువ కాస్త సవరించినా ఈ తీర్పు మారదు. మంచి పరీక్షకు ఇదే గుర్తు: పొరపాట్లన్నీ కలుపుకున్నా జవాబు నిలబడాలి.

అదే పరంపరలో కొలిచిన మిగతా చిత్రాలు కూడా ఇదే దారి. ‘పాదాలు కడగడం’లో పొలోనియం 12.6, రేడియం 0.26. ‘సంగీతం చదువుతున్న స్త్రీ’లో 10.3, 0.30. ‘మాండొలిన్ వాయిస్తున్న స్త్రీ’లో 8.2, 0.17. 300 ఏళ్ళ ఊహతో వెనక్కి వెళ్తే వరుసగా సుమారు 1,57,000, 1,27,000, 1,02,000 వస్తాయి. అన్నీ అసాధ్యాలే.

అదే పట్టికలో ‘లేస్ అల్లే అమ్మాయి’ పేరుతో ఉన్న నమూనాకు 1.5, 1.4, ‘నవ్వుతున్న అమ్మాయి’ పేరుతో ఉన్నదానికి 5.2, 6.0. రెండూ సమతూకంలో ఉన్నాయి. 6.0 కంటే 5.2 తక్కువ కావడం కొలతలోని సహజమైన ఊగిసలాటే. ఇక్కడే చాలామంది తొందరపడతారు. సమతూకం కనబడగానే ‘అయితే ఇవి అసలైన వెర్మీర్లు’ అనేస్తారు. కాదు. ఈ సీసం ఆ కొలతకు ముందు కొన్ని దశాబ్దాల్లో కరిగించింది కాదు అన్నంతవరకే ఆ అంకెలు చెబుతాయి. 1680 నాటి సీసానికీ 1800 నాటి సీసానికీ ఈ గడియారంలో తేడా దొరకదు. పాత సీసం సంపాదించిన నకిలీగాడు కూడా ఈ పరీక్ష దాటతాడు. ఈ పద్ధతికి నకిలీని పట్టుకునే శక్తి ఉంది, అసలుకు ధ్రువపత్రం ఇచ్చే శక్తి లేదు.

నమూనా తీసే చోటు, కొలిచే తీరు

కొలతకంటే ముందు నమూనా స్థలం ఎంచుకోవడంలో కేసు గెలవడమో ఓడడమో జరుగుతుంది. తెల్లటి భాగం కావాలి, ఉదాహరణకు ఈ చిత్రంలో టేబుల్ మీది గుడ్డ, తెల్లని కూజా. ముందు అతినీలలోహిత దీపం కింద చిత్రమంతా చూడాలి. తర్వాతి మరమ్మతు రంగు వార్నిష్ మీద నల్లని మచ్చల్లా కనబడుతుంది, అక్కడికి పోకూడదు. తర్వాత చేతిలో పట్టుకునే ఎక్స్-రే ఫ్లోరెసెన్స్ పరికరంతో అనుకున్న చోట సీసం, జింక్, టైటానియం మూడూ చూడాలి. సీసం గీతలు 10.5, 12.6 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర, జింక్ 8.6 దగ్గర, టైటానియం 4.5 దగ్గర వస్తాయి. టైటానియం కనబడితే ఆగి ఆలోచించాలి: అది మరమ్మతా, అసలు పొరేనా? అసలు పొరే అయితే ఇక సీసం దాకా వెళ్ళనక్కర్లేదు, టైటానియం తెలుపు 20వ శతాబ్దపు సరుకు.

ఆ పైన సూది మొనంత ముక్క తీసి రెసిన్‌లో పోతపోసి, నునుపుగా అరగదీసి, అడ్డుకోత చూడాలి. ఎన్ని పొరలు, ఏది ఎంత మందం అన్నది తెలియకుండా పెద్ద నమూనా తీయడం దండగ. పెద్ద నమూనాను స్టీరియో సూక్ష్మదర్శిని కింద, 15 నంబరు స్కాల్పెల్ బ్లేడుతో, పైపొర మాత్రమే వచ్చేలా గీకాలి. గీకిన పొడి పడడానికి కింద శుభ్రమైన అల్యూమినియం రేకు పరచాలి. బ్లేడు ఒక్కసారి అడుగుపూతలోకి దిగిందంటే ఆ నమూనా చెడినట్టే.

ఎందుకో అంకెల్లో చూద్దాం. పైపొర సీసం 8.5, 0.8. పాత అడుగుపూత సీసం సమతూకంలో 1.0, 1.0 అనుకుందాం. సగం సగం కలిస్తే 4.75, 0.9 వస్తుంది. నకిలీ ఇంకా దొరుకుతుంది. 90 శాతం అడుగుపూతే వస్తే 1.75, 0.98. కొలత లోపాలు కలిపి చూస్తే దీని మీద ప్రమాణం చేసి చెప్పలేం. పాత కాన్వాసు వాడిన నకిలీగాడికి ఇది మనం చేసిపెట్టే సాయం. తిరగేసి చూస్తే ఇంకో ప్రమాదం ఉంది. అసలైన 17వ శతాబ్దపు చిత్రం మీద 1930లలో ఎవరో సీసపు తెలుపుతో మరమ్మతు చేస్తే, ఆ చోటి నమూనా నిర్దోషిని దోషిని చేస్తుంది. అందుకే కనీసం రెండు వేర్వేరు చోట్ల నుంచి, రెండూ అడ్డుకోత చూసిన చోట్ల నుంచే తీయాలి.

నమూనాను పలుచని ఆమ్లంలో కరిగించి, తెలిసిన మోతాదులో పొలోనియం-209 కలపాలి. ఎంత పొలోనియం చేతికొచ్చిందో, ఎంత దారిలో పోయిందో లెక్కతేల్చడానికి ఇది గుర్తుగా పనికొస్తుంది. పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వెండి బిళ్ళను వేలాడదీసి 80, 90 డిగ్రీల వేడిలో కొన్ని గంటలు కలియబెడితే పొలోనియం తనంతట తానే వెండి మీదికి చేరుతుంది. ఇనుము ఉంటే అడ్డుపడుతుంది, చిటికెడు ఆస్కార్బిక్ ఆమ్లం, అంటే విటమిన్ సి, వేస్తే ఆ అడ్డు తొలగుతుంది. ఆరిన బిళ్ళను శూన్యపు గదిలో సిలికాన్ డిటెక్టర్ ఎదుట పెట్టాలి. పొలోనియం-210 శిఖరం 5.30 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర, పొలోనియం-209ది 4.88 దగ్గర విడివిడిగా నిలుస్తాయి. రేడియాన్ని బేరియంతో కలిపి అవక్షేపంగా దించి 4.78 దగ్గరి శిఖరంతో గాని, మూసిన సీసాలో పేరుకున్న రాడాన్ ద్వారా గాని కొలుస్తారు.

ఓపిక అవసరమయ్యేది ఇక్కడే. 20 మి.గ్రా. నమూనా ఉందనుకోండి. 8.5 చొప్పున నిమిషానికి 0.17 విఘటనాలు, రోజుకు 245. డిటెక్టర్ చూసేది అందులో పావు వంతు, అంటే 60. రేడియం సంగతి ఇంకా కష్టం: రోజుకు 23 విఘటనాలు, కంటపడేవి ఐదో ఆరో. 20 రోజులు లెక్కపెడితే సుమారు 115 వస్తాయి, దాని వర్గమూలం 11, అంటే ఖాళీ పరికరపు లెక్కను తీసివేయక ముందే 9 శాతం అనిశ్చితి. ఆమ్లంలో, గాజు సామానులో ఉన్న జాడలు కూడా రోజుకు ఒకటో రెండో లెక్కలు ఇవ్వగలవు. కాబట్టి నమూనా లేకుండా అదే ఆమ్లంతో అన్ని మెట్లూ నడిపిన ఖాళీ పరీక్ష లేని ఫలితాన్ని నమ్మకూడదు. రేడియం అంకెలో తప్పు దొర్లితే కేసు మొత్తం జారిపోతుంది.

సీసానికి ఇంకో పక్క సాక్ష్యం కూడా ఉంది. 1850లో పార్క్స్ అనే ఆయన జింకుతో సీసంలోని వెండిని లాగేసే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. అది వ్యాపించాక సీసంలో వెండి జాడ బాగా తగ్గిపోయింది. పాత ఐరోపా సీసపు తెలుపులో వెండి ఎక్కువ, కొత్తదాంట్లో తక్కువ. వెండి మోతాదు, సీసపు ఐసోటోపుల నిష్పత్తి, పొలోనియం-రేడియం తేడా మూడూ ఒకే వైపు చూపిస్తే నివేదిక రాసే చెయ్యి వణకదు.

కార్బన్-14తో ఈ చిత్రం తేలుతుందా

ఈ రోజుల్లో ఎవరైనా ముందు అడిగేది, మొక్కల నుంచి వచ్చిన పదార్థాల వయసు తేల్చే కార్బన్-14 గురించే. ఎమ్మాయు విందుకు దాన్ని కాన్వాసు మీద ప్రయోగిస్తే పనికిరాదు. కాన్వాసు నిజంగానే పాతది. పైగా 1650 నుంచి 1950 దాకా వాతావరణంలోని కార్బన్-14 ఎగుడుదిగుళ్ళ వల్ల ఒకే కొలతకు మూడు శతాబ్దాల్లో అనేక తేదీలు సరిపోతాయి.

రంగులోని బంధకం, అంటే రంగుపొడిని పట్టి ఉంచే నూనె లేదా రెసిన్, దగ్గర మాత్రం ఒక విచిత్రం ఎదురుచూస్తోంది. 1930ల నాటి ఫినాల్ బొగ్గు తారు నుంచి వచ్చేది. బొగ్గులో కార్బన్-14 ఎప్పుడో అంతరించింది. బంధకంలోని కార్బన్‌లో పదో వంతు ఇలాంటి మృత కార్బన్ అయినా రంగుకు దాదాపు 850 ఏళ్ళ దొంగ వయసు కలుస్తుంది. సగం అయితే 5,568 ఏళ్ళు. క్రీస్తు పుట్టక మునుపే క్రీస్తు విందు వేసినట్టు ఫలితం వస్తుంది! అలాంటి అసాధ్యమైన అంకె వచ్చినప్పుడు ‘పరీక్ష విఫలం’ అని పక్కన పడేయకూడదు. బంధకంలో పెట్రోలియం లేదా బొగ్గు సరుకు ఉందని అది అరిచి చెబుతోంది. అయితే మరమ్మతులో వాడిన పారఫిన్ మైనం కూడా సరిగ్గా ఇదే చేస్తుంది. కాబట్టి హెక్సేన్, అసిటోన్, ఆల్కహాల్ వరుసగా వేసి కడిగాకే కొలవాలి. రెసిన్ నిజంగా ఉందా అన్నది పైరోలిసిస్ పరీక్షలో, అంటే నమూనాను వేడితో ముక్కలు చేసి చూసే పరీక్షలో, ఫినాల్, క్రెసాల్ ముక్కలు వస్తున్నాయో లేదో చూసి తేల్చుకోవాలి.

కార్బన్-14 తన అసలు బలం చూపించేది 1950 తర్వాతి నకిలీల మీద. అణు పరీక్షల వల్ల ఉత్తరార్ధగోళపు గాలిలో 1963 నాటికి కార్బన్-14 దాదాపు రెట్టింపైంది, తర్వాత మెల్లగా దిగింది. ఆ అచ్చు ఆ ఏళ్ళలో పెరిగిన ప్రతి మొక్కలోనూ పడింది. ఫెర్నాండ్ లెజే 1913-14లో వేసినట్టు చెప్పిన, వెనిస్‌లోని పెగ్గీ గుగ్గెన్‌హైమ్ సేకరణలో ఉన్న చిత్రాన్ని ఫ్లారెన్స్ ప్రయోగశాల ఇలాగే తేల్చింది. రంగు అంటని కాన్వాసు అంచు నుంచి తీసిన పోగులు ఆ నార 1959కి ముందుది కాదని చెప్పాయి, 2014లో ఆ ఫలితం వెలువడింది. లెజే 1955లోనే చనిపోయాడు. ఇంకేం కావాలి?

కానీ ఆ నకిలీగాడు కాన్వాసు కొత్తది వాడబట్టి దొరికాడు. పాత కాన్వాసు వాడితే? అమెరికా నకిలీకారుడు రాబర్ట్ ట్రాటర్ చేసింది అదే. అతను ఒప్పుకున్న ఒక ఊరి దృశ్యాన్ని జ్యూరిక్ శాస్త్రవేత్తలు పరీక్షించి 2019లో ప్రకటించారు. చిత్రం మీద రాసుకున్న ఏడాది 1866, నిజంగా వేసింది 1985లో. కాన్వాసు అణు పరీక్షలకు ముందుదిగానే వచ్చింది. 200 మైక్రోగ్రాముల లోపు రంగు నమూనాలోని నూనె మాత్రం 1958-1961 లేదా 1983-1989 అని చెప్పింది. రెండు తేదీలు రావడం తప్పు కాదు. కార్బన్-14 కొండ ఎక్కేటప్పుడు ఒకసారి, దిగేటప్పుడు ఒకసారి అదే ఎత్తు తగులుతుంది. రెండిట్లో ఏది తీసుకున్నా 1866 కాదు. అవిసె గింజ నుంచి పిండిన నూనె రంగు డబ్బాలోకి చేరేదాకా పట్టేది కొన్నేళ్ళే, కాన్వాసులా శతాబ్దాలు దాచుకోరు. అందుకే బంధకం తేదీ కుంచె తాకిన రోజుకు అన్నిటికంటే దగ్గరగా ఉంటుంది.

మన దగ్గర ఎక్కువగా అనుమానాలు రేగే రాజా రవివర్మ తైలవర్ణాల విషయంలోనూ ఇదే తర్కం నడుస్తుంది. ఆయన 1906లో చనిపోయారు, కాబట్టి నూనెలో అణు పరీక్షల అచ్చు కనబడితే చిత్రం ఆయనది కాదు. అది 1950కి ముందు వేసిన నకలు అయితే కార్బన్-14 చేతులెత్తేస్తుంది. రంగులో సీసపు తెలుపు ఉంటే అప్పుడు సీసం గడియారాన్ని అడగాలి, అదీ వీలైనంత త్వరగా.

నివేదికలో రాసే మాట

‘ఈ చిత్రం నకిలీ’ అని ప్రయోగశాల రాయకూడదు. ‘ఫలానా చోటి నుంచి, అడ్డుకోతలో ఫలానా పొర నుంచి తీసిన నమూనాలోని సీసం 17వ శతాబ్దంలో కరిగించింది కావడానికి అసాధ్యమైన యురేనియం మోతాదు అవసరం. 20వ శతాబ్దపు సీసానికి ఈ విలువలు సరిపోతాయి’ అని రాయాలి. పక్కనే ఖాళీ పరీక్ష లెక్క, అనిశ్చితి, వాడిన అర్ధాయువు విలువ, కొలిచిన తేదీ ఉండాలి. కొలిచిన తేదీ లేని సీసం-210 ఫలితం రెండు దశాబ్దాల తర్వాత ఎవరికీ పనికిరాదు.

ఎందుకంటే చెరువు ఇంకా ఖాళీ అవుతూనే ఉంది. 1967 నాటి 8.5, 2026 నాటికి లెక్క ప్రకారం 2.0కి దిగి ఉండాలి. రేడియం మాత్రం 0.8 దగ్గరే. 2060 నాటికి 1.2, 0.8. అప్పుడు 20 మి.గ్రా. నమూనాతో ఆ తేడాను నమ్మకంగా చూపించడం అయ్యే పని కాదు. ఇంతకు ఎన్నో రెట్లు రంగు గీకడానికి ఏ మ్యూజియమూ ఒప్పుకోదు. 1930లలో వేసిన నకిలీలు ఇంకా ఏ గోడ మీదైనా అసలు పేరుతో వేలాడుతుంటే, వాటి సీసాన్ని ప్రశ్నించడానికి మిగిలిన కాలం ముప్ఫై ఏళ్ళకు కాస్త అటూ ఇటూ.